ఎండకు చావనిది

బంగారయ్యకు ఊపిరితిత్తులు రెండున్నా పనిచేసేది ఒకటిన్నరేనని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో వెల్డింగు చేస్తూ ఉద్యోగమంతా వెళ్ళదీసిన మనిషి. ఆ పొగ ఎక్కడికి పోతుంది? కొంత గాలిలోకి, మిగతాది ఆయన ఛాతీలోకి. రిటైరయ్యాక రాయ్‌పూర్ గుఢియారీలో కట్టుకున్న ఇంట్లో కింద మూడు గదులుంటే, ఆయన మాత్రం మేడమీద సిమెంటు రేకుల గదిలో మకాం పెట్టాడు. అక్కడైతే స్టేషన్లోకి వచ్చే బళ్ళ చప్పుడు వినిపిస్తుంది. ఏ బండి ఎంత లేటుగా నడుస్తోందో మంచం మీదినుంచే చెప్పేవాడు. కింద పడుకోమని భార్య అప్పలనరసమ్మ కేకలేసినా, కొడుకు మురళీమోహన్ బతిమాలినా చెవిన పెట్టలేదు.

మే నెల ఎండకి ఆ రేకులు పెనంలా కాలేవి. కూలర్ తిరుగుతూనే ఉండేది, ఆయన దగ్గుతూనే ఉండేవాడు. ఆ దగ్గు కింద వంటింట్లోకి వినిపించినప్పుడల్లా కోడలు ఫణిశ్రీ చేతిలో పని ఆగిపోయేది. మామగారి మీద ఆ పిల్లకి అంత అభిమానం ఊరికే రాలేదు. భిలాయిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, "ఇంక ఉజ్జోగాలెందుకు" అని అత్తగారు దీర్ఘం తీస్తే, "సదివినాది మూల పడెయ్యడానికా? ఎల్లనీ" అని ఒక్క మాటతో ఆ గొడవ తీర్చేసింది ఆయనే. కన్నతండ్రి కూడా తన తరఫున అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదని ఫణిశ్రీ అనుకునేది.

ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఆమెకి ప్రాజెక్టు ఉద్యోగం. ఏం పనని ఎవరైనా అడిగితే అప్పలనరసమ్మ "బూజు పెంచుతాది" అని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. పుట్టగొడుగు అంటే మనకు కనిపించే గొడుగే అనుకుంటాం గానీ అసలు జీవి అది కాదు. తిండి దొరికిన చోటల్లా సన్నటి తెల్లటి దారాలై అల్లుకుపోయేదే అసలు జీవి. దాన్ని మైసీలియం అంటారు. గొడుగు దాని కాయ లాంటిది, అంతే. తిల్దా రైస్ మిల్లుల్లోంచి తెచ్చిన ఊకనీ, తరిగిన వరిగడ్డినీ ఉడకబెట్టి, చల్లార్చి, ఈ దారాల విత్తనం కలిపి అచ్చుల్లో కుక్కి చీకట్లో పెడితే, కొన్నాళ్ళకి అంతా ఒక్క పలకగా బిగుసుకుంటుంది. థర్మోకోల్ అంత తేలిక. పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వేడిని ఇవతలికి రానివ్వదు. మిల్లుల వాళ్ళు తగలబెట్టే ఊకతో రేకుల ఇళ్ళన్నిటికీ చల్లటి లోకప్పు వెయ్యొచ్చని ఫణిశ్రీ ఆశ. మంచి ఆశే, ఎవరూ వంక పెట్టలేరు.

దానికి ఉన్న నియమం ఒక్కటే. పలక తయారయ్యాక దాన్ని ఓవెన్లో పెట్టి లోపలిదాకా వేడి దిగేట్టు కాల్చాలి. అప్పుడే అందులోని జీవి చస్తుంది. చావకపోతే అది ఇంకా తిండి కోసం, తడి కోసం చూస్తూ ఉంటుంది.

ఆ ఏడు వేసవి మొదట్లో బంగారయ్య తనే కదిపాడు. "నా గదికి ఎయ్యవే ఫణమ్మా నీ పలకలు. ఊరందరికీ సల్లగుండాల, మావ మాత్రం మాడిపోవాలేటి?"

సరిగ్గా అప్పుడే ఆమె పైఅధికారి వీరేంద్ర సార్ కూడా అలాంటి గది కోసమే వెతుకుతున్నాడు. ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందట. ల్యాబులో బల్లమీద పెట్టిన నమూనాలు చూసి చూసి వాళ్ళకి విసుగొచ్చిందట. మనిషి నిజంగా కాపురముండే గదిలో వేసి చూపిస్తే ప్రాజెక్టు నిలబడుతుంది, లేదంటే వానాకాలంతోనే దుకాణం కట్టేయాలి. ఫణిశ్రీకి రెండు పనులూ ఒకే దెబ్బతో అయ్యేట్టు కనిపించాయి. మామగారు హాయిగా నిద్రపోతారు, తన పలకలు బతుకుతాయి.

పలకలన్నీ తయారై కాల్చడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ల్యాబులో పెద్ద ఓవెన్ కాయిల్ కాలిపోయింది. కొత్తది రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు లేడు. ఫణిశ్రీ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అప్పలనరసమ్మకు నవ్వొచ్చింది.

"ఓస్, దీనికేనేటి? మేడమీద ఎండలో ఎట్టు. ఈ ఊరి మే ఎండలో ఏ పురుగు బతుకుతాది? నా గుమ్మడొడియాలు రెండేళ్ళయినా బూజు పట్టవు, సూసినావా ఎప్పుడైనా?"

ఆవిడ చెప్పింది నిజమే. వడియాలు, చల్లమిరపకాయలు, మాగాయ ముక్కలు – బొబ్బిలి నుంచి వచ్చిన ఆ చేతి పనితనంతో ఆవిడ ఎండబెట్టినదేదీ పాడైనట్టు ఎవరూ ఎరగరు. కానీ వడియంలో ప్రాణం ఉండదు. ఆ తేడా ఫణిశ్రీకి తెలుసు. తెలిసి కూడా ఎదురు చెప్పలేకపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అత్తగారు తన పనిలో చెయ్యి పెడతాననడం అదే మొదటిసారి. ఆ మాటని తోసేయడానికి మనసు రాలేదు. వీరేంద్ర సార్‌ని ఫోన్లో అడిగితే ఆయనా "సూఖ్ గయా తో సమఝో మర్ గయా" అన్నాడు. ఎండిందంటే చచ్చినట్టేనట. ఎవరో ఒకరు అలా అంటే బావుణ్ణని ఎదురుచూస్తున్న మనిషికి ఆ మాట చాలింది.

అప్పలనరసమ్మ ఆ పలకల్ని పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. తగరపు రేకులు పరిచి వాటి మీద ఆరబెట్టింది. పొద్దున ఒక వైపు, మధ్యాహ్నం రెండో వైపు తిప్పింది. పక్షులు వాలకుండా పాత చీరలు కప్పింది. సాయంత్రం చెమ్మ తగలకుండా తనే మోసి లోపల పెట్టింది. చివరికి అవి అప్పడాల్లా గలగలలాడాయి. "సూసినావా?" అని గోటితో కొట్టి వినిపించినప్పుడు ఆవిడ మొహంలో గర్వం చూసి ఫణిశ్రీ మనస్ఫూర్తిగా సంతోషించింది. మురళీమోహన్ సిల్తరా రోలింగ్ మిల్లులో డ్యూటీ దిగొచ్చి, సెలవు రోజున పలకలన్నీ రేకుల కింద బిగించాడు.

అయినా చదువుకున్న మనిషి గనక ఫణిశ్రీ ఒక పని చేసింది. ప్రతి పలక నుంచీ ఒక ముక్క గిల్లి ల్యాబులో గాజు పళ్ళేల్లో మేత మీద పెట్టి మూసింది. చచ్చి ఉంటే అలాగే పడి ఉంటాయి. లేకపోతే మొలుస్తాయి. ఈ పరీక్ష పలకలు బిగించక ముందు చేయాలి. తొందరలో తర్వాత చేసింది.

కొద్ది రోజులకి మూత తీసి చూస్తే అన్ని పళ్ళేల్లోనూ ముక్కల చుట్టూ తెల్లటి వలయాలు. పలచగా, అందంగా, అన్ని వైపులకీ సమానంగా పాకుతున్నాయి. ఆ ఎండకి అది చావలేదు. ముడుచుకుని పడుకుంది, అంతే.

ఫణిశ్రీ మూత మళ్ళీ పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా తనకి తనే నచ్చచెప్పుకుంది. నీళ్ళు తగిలితే గదా లేచేది. రేకులు కారడం లేదు. కమిటీ వచ్చి వెళ్ళాక ఎలాగూ తీయించేసి, ఓవెన్ బాగయ్యాక కాల్చినవి వేయిస్తాను. ఆ పళ్ళేల సంగతి వీరేంద్ర సార్‌కి చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పూటే పలకలు కిందికి దిగేవి. మన కథ కూడా అక్కడితో ఆగిపోయేది, ఎవరికీ ఏమీ కాకుండా.

ఇంటికి వెళ్ళి చూస్తే ఆ గదిలో బంగారయ్య నోరు మూసుకుని నిద్రపోతున్నాడు. ఆయన నోటితో కాకుండా ముక్కుతో ఊపిరి తీస్తూ నిద్రపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. లేచాక ఆయన సంబరం ఇంతా అంతా కాదు. "ఏకదం ఠండా! ఏసీ ఎందుకు పనికొస్తాది దీని ముందు? ఆరాంగా తొంగున్నాను." పాత స్నేహితుడు పరదేశిని, షాపులో తనతో పనిచేసినవాణ్ణి, పనిగట్టుకుని మేడెక్కించి కప్పు చూపించాడు. "మా కోడలు పెంచినాది" అన్నాడు. పరదేశి మెడ నొప్పెట్టేదాకా చూశాడు. ఆ సంబరం చూశాక, చెప్పాలనుకున్న మాట ఫణిశ్రీ గొంతులోనే ఉండిపోయింది.

జూన్ నెలాఖరుకి వానలొచ్చాయి. వానలొచ్చినా బంగారయ్యకు కూలర్ గాలి లేనిదే నిద్ర పట్టదు. గదంతా చెమ్మ. ఒక సాయంత్రం ఫణిశ్రీ ల్యాబు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూచుంటే, అత్తగారు వేడివేడి అన్నంలో కూర వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ రుచి ఆమెకి బాగా తెలుసు.

"ఇవెక్కడివి అత్తయ్యా?"

"మీ మావ గదిలోయే. కప్పుకి కాసినాయి! బజార్లో ఫుటూ ఎంత పిరియమో తెలుసునా? ఈ ఏడు మనకి ఇంట్లోనే పండినాది." వానాకాలం వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్‌లో ఫుటూ అనే ఈ పుట్టగొడుగు కోసం జనం ఎగబడతారు. పక్కింటావిడకి కూడా ఒక గిన్నెడు పంపించిందట.

ఫణిశ్రీ ఎంగిలి చేత్తోనే మేడెక్కింది. కూలర్‌కి ఎదురుగా ఉన్న మూలలో బూడిదరంగు గొడుగులు గుత్తులు గుత్తులుగా విచ్చుకుని ఉన్నాయి. వాటి కింద బంగారయ్య తలగడ మీద, దుప్పటి మీద, బియ్యప్పిండి జల్లినట్టు తెల్లటి పొడి. అది పుట్టగొడుగు రాల్చే విత్తనం. వేలితో రాస్తే అంటుకుంది. ల్యాబులో పుట్టగొడుగులు విచ్చుకునే గది తలుపు పక్కనే మాస్కులు వేలాడుతూ ఉంటాయి. మాస్కు లేకుండా లోపలికి వెళ్ళినవాళ్ళని ఫణిశ్రీయే తిట్టేది. పుట్టగొడుగుల షెడ్లలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఆ పొడికి వాచి, గట్టిపడిపోతాయని ఆమె చదువుకుంది, చదువుకునే పిల్లలకి చెప్పింది కూడా. తినడానికి ఇబ్బంది లేదు. పీలిస్తేనే ప్రమాదం.

వీరేంద్ర సార్‌కి ఫోన్ చేసింది. ఆయన, కమిటీ వచ్చే వారమే వస్తోందని, అందాకా ఎలాగోలా నెట్టుకు రమ్మని అన్నాడు.

"మావయ్యా, ఈ వారం కింద పడుకోండి" అంది ఫణిశ్రీ.

"నాను లేకపోతే ఆళ్ళకి సూపించడానికి ఏటుంతాది? మనిసి ఉండే గదే గావాలన్నారు గదా. మనిసిని నానే గదా?"

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అది బతికే ఉంది మావయ్యా, మీ ఊపిరికి మంచిది కాదు అని. ఆ ముక్క చెబితే అప్పలనరసమ్మ ముందూ వెనకా చూడకుండా చీపురుకట్టతోనే పలకలన్నీ కూలగొట్టేది. ఫణిశ్రీ చెప్పలేదు. కూలర్ మోటారు పాడైందని చెప్పి ఆపించింది. రోజూ పొద్దున్నే, ఆయన టీ తాగుతుండగా, పైకి వెళ్ళి గొడుగులు విచ్చుకోకముందే కోసేసింది, తడిగుడ్డతో తుడిచింది. మాస్కు పెట్టుకుంటే ఎందుకని అడుగుతాడు. అందుకని ఊపిరి బిగబట్టుకుని కోసి, గుమ్మం దాటాక గాలి పీల్చుకునేది. కానీ పలకలకీ రేకుకీ మధ్య సందులో విచ్చుకున్నవి ఆమె చేతికి అందలేదు.

కమిటీ ఆ వారం రాలేదు. ఆ తర్వాతి వారం కూడా రాలేదు. బంగారయ్యకు మాత్రం సాయంత్రమయ్యేసరికి జ్వరం రావడం మొదలైంది. పొడి దగ్గు, ఒళ్ళంతా నొప్పులు, మెట్లెక్కితే ఆయాసం. న్యుమోనియా అన్నారు. ఆస్పత్రిలో చేర్చిన రెండో రోజుకే తేరుకుని నర్సులతో హాస్యాలాడాడు. ఇంటికి తీసుకొస్తే సాయంత్రానికి మళ్ళీ జ్వరం. మళ్ళీ ఆస్పత్రి. మళ్ళీ తగ్గింది.

డాక్టర్ చాందిని చిన్నదే గానీ చురుకైన మనిషి. మురళీమోహన్‌నీ ఫణిశ్రీనీ బయటికి పిలిచి హిందీలో అడిగింది. "ఇక్కడుంటే తగ్గుతోంది, ఇంటికెళ్తే పెరుగుతోంది. అంటే జబ్బు మీ ఇంట్లో ఉంది. పావురాలు పెంచుతారా? గోడలకి చెమ్మ, బూజు లాంటివి ఉన్నాయా? తడిసిన గడ్డి, ధాన్యం నిల్వ పెట్టారా?"

"అలాంటివేం లేవు మేడం" అన్నాడు మురళీమోహన్. అతనికి పలకలు గుర్తుకు రాలేదు. అతని లెక్కలో అవి భార్య తయారుచేసిన వస్తువు, జబ్బు కాదు.

డాక్టర్ ఫణిశ్రీ వైపు చూసింది. ఫణిశ్రీకి ఎదురుగా ఉన్న మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగింది, ఆమె జవాబుకి ఒక నిండు ప్రాణం వేలాడుతోంది. ఆ క్షణంలో ఆమె బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందంటే చెప్పడానికి సిగ్గేస్తుంది. కమిటీ రేపు వస్తోంది. మావయ్య ఇక్కడే ఉంటారు, ఆ గది గాలి ఆయనకి తగలదు. వాళ్ళు వెళ్ళగానే పలకలు పీకించేస్తాను. ఒక్క రోజులో ఏం మునిగిపోతుంది?

"కూలర్ ఉంది మేడం. దాని గడ్డి మార్చి చాలా కాలమైంది" అంది.

అది కూడా నిజమే. అబద్ధమాడలేదన్న తృప్తి ఒకటి మిగుల్చుకుంది. డాక్టర్ తల పంకించి, తను చెప్పేదాకా ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళొద్దని చెప్పి వెళ్ళిపోయింది.

వార్డులోకి వెళితే బంగారయ్య మంచం మీద లేచి కూచుని ఉన్నాడు. "ఏటమ్మా, కమిటీ ఎప్పుడొస్తాది?"

"రేపే మావయ్యా" అంది ఫణిశ్రీ, ఆయనకి సంతోషం కలుగుతుందని.

మర్నాడు ల్యాబు కారులో కమిటీ వాళ్ళనీ వీరేంద్ర సార్‌నీ వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది. మెట్లెక్కి గది తలుపు తీసేసరికి ఎదురుగా బంగారయ్య. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, పక్కన కుర్చీలో పరదేశి. పొద్దున్నే ఆస్పత్రిలో గోల చేసి, సంతకం పెట్టి, పరదేశి ఆటో తెస్తే ఎక్కి వచ్చేశాడు.

"ఆయియే సాబ్, ఆయియే" అని చేతులు జోడించాడు.

"మావయ్యా, మీరు కిందికి పదండి" అంది ఫణిశ్రీ.

"ఉండమ్మా. ఆళ్ళకి సెప్పనీ."

చెప్పాడు. రైల్వేలో నేర్చిన హిందీలో, ప్రతి నాలుగు మాటలకీ ఆగి గాలి పీల్చుకుంటూ, ఎండాకాలం ఈ గది ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో, తన కోడలు ఎంత కష్టపడిందో చెప్పాడు. వాళ్ళు కప్పుకి మీటర్లు పెట్టారు, వేళ్ళతో తట్టారు. తట్టినప్పుడు సందుల్లోంచి పొడి రాలింది. నలుగురు పెద్దమనుషుల మధ్య నిలబడి ఫణిశ్రీ ఆ పొడినే చూస్తోంది. అది ఆయన తెల్లచొక్కా భుజం మీద పడి కనిపించకుండా పోయింది. ఆమె నోరు తెరవలేదు. కమిటీ పెద్దాయన బంగారయ్య చెయ్యి పట్టుకుని ఊపి, ఇలాంటి మామగారు దొరకడం అదృష్టమన్నాడు.

వాళ్ళ కారు వీధి మలుపు తిరగకముందే బంగారయ్య మంచం మీద కూలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి. మెట్లు దిగలేకపోతే, ఆస్పత్రి నుంచి కబురు తెలిసి అప్పుడే వచ్చిన మురళీమోహనూ పరదేశీ కుర్చీలో కూచోబెట్టి మోసుకొచ్చారు.

ఆస్పత్రిలో ఫణిశ్రీ అప్పుడు చెప్పింది. కప్పుకి ఉన్నవి పుట్టగొడుగుల పలకలని, అవి బతికే ఉన్నాయని, పొడి రాలుతోందని. డాక్టర్ చాందిని విన్నంతసేపూ ఆమె మొహంలోకే చూసింది. "నిన్న అడిగాను కదా" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. మురళీమోహన్ ఇంటికి వెళ్ళి ఒక్కడే పలకలన్నీ ఊడబెరికి ఖాళీ స్థలంలో వేసి తగలబెట్టాడు.

మందులిచ్చారు. వాపు తగ్గింది గానీ, బాగున్న ఆ కాస్త ఊపిరితిత్తీ గట్టిపడిపోయింది. అది ఇంక మెత్తబడేది కాదన్నారు. బంగారయ్య కింది గదిలో ఆక్సిజన్ గొట్టంతో పడుకున్నాడు. రైలు చప్పుడు అక్కడికి వినిపించదు. ఒక మధ్యాహ్నం అత్తగారు బజారుకి వెళ్ళినప్పుడు ఫణిశ్రీ ఆయన మంచం పక్కన నేల మీద కూచుని గాజు పళ్ళేల సంగతి చెప్పింది. బిగించిన కొద్ది రోజులకే తనకి తెలుసని, తెలిసీ ఊరుకున్నానని చెప్పి ఏడ్చింది.

ఆయన చాలాసేపు గాలి కూడదీసుకున్నాడు.

"ఏదో ఉందని నాకూ తెలుసు. పొద్దుటే ఒచ్చి ఊపిరి బిగబట్టుకుని కోసినావు. బయటికెల్లి గాలి పీల్సినావు. సూసినాను."

చూసి కూడా అదే గదిలో పడుకున్నాడా? ఫణిశ్రీ అడగక ముందే ఆయనే చెప్పాడు.

"నువ్వు సెప్పలేదంటే మరీ అంత పెమాదం కాదనుకున్నాను."

ఆమెను నమ్మాడు. అంతే. ఆ మాటకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

"మీ యత్తకి సెప్పకు" అన్నాడు మళ్ళీ ఊపిరి అందాక. "ఎండెట్టినాది అది గదా. తన సేతుల్తోనే సంపీసినాననుకుంతాది. సెప్పకు ఫణమ్మా."

సరేనంది. బంగారయ్య దసరా దాటలేదు.

దినాలు అయ్యాక వీరేంద్ర సార్ ఫోన్ చేసి సంతాపం చెప్పి, వెంటనే శుభవార్త కూడా చెప్పాడు. కమిటీ ఒప్పుకుంది. అభన్‌పూర్ దగ్గర అంగన్‌వాడీలకి పలకలు కావాలట. ఫణిశ్రీ ల్యాబుకి వెళ్ళి, దాచి ఉంచిన పళ్ళేలు తీసి ఆయన బల్ల మీద పెట్టి, తన ఇంట్లో ఏం జరిగిందో కమిటీకి కూడా తనే చెప్పింది. ప్రాజెక్టు ఆగిపోయింది. వీరేంద్ర సార్ ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. ఆ పసిపిల్లల కప్పులకి ఆ పలకలు వెళ్ళలేదు. ఆ ఒక్క మంచిపనికి ఆలస్యంగానైనా నోరు పెగిలింది.

ఇంట్లో అప్పలనరసమ్మ తిండి మానేసింది. మొగుడు పోయిన దుఃఖమని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుందన్నారు. సర్దుకోలేదు. చెక్కిళ్ళు పీక్కుపోయాయి. కంచం ముందు కూచునేది, కలిపేది, చెయ్యి కడిగేసుకునేది. ఒక రోజు ఫణిశ్రీ బలవంతం చేస్తే బయటపడింది.

"పలకల వల్లే అని ముర్లీ డాకటరమ్మతో అంతంటే విన్నాను. నానే గదా ఎండెట్టినాను? సరిగ్గా ఎండలేదేమో. ఆకర్రోజు మబ్బు పట్టినాది. ఇంకొక్క పూట ఉంచాల్సినాది. నా సేతుల్తో నానే..." ఆ రెండు చేతులూ ఎదురుగా పెట్టుకుని చూసుకుంటోంది.

బంగారయ్య ఏది జరగకూడదనుకున్నాడో అదే జరిగింది. ఎవరూ చెప్పకుండానే జరిగింది. ఫణిశ్రీ ఇచ్చిన మాట ఇంక ఎవరినీ కాపాడటం లేదు, తనని తప్ప.

"బాగానే ఎండాయి అత్తయ్యా" అంది. "ఇంకో నెల ఎండబెట్టినా అంతే. ఎండకి అది చావదు. ఆ సంగతి మీకు తెలియదు. నాకు తెలుసు. పలకలు బిగించిన కొద్ది రోజులకే, అవి బతికే ఉన్నాయని ల్యాబులో చూశాను. మావయ్యకి చెప్పలేదు, డాక్టర్ అడిగినా చెప్పలేదు. కమిటీ చూడాలని ఊరుకున్నాను."

అప్పలనరసమ్మ చేతులు ఒళ్ళో పడ్డాయి. తర్వాత అడిగింది.

"ఆయనకి తెలుసునా?"

"తెలుసు. చెప్పాను."

"ఏటన్నాడు?"

"ఏమీ అనలేదు. మీకు చెప్పొద్దన్నారు."

"అనడు. ఆయన మంచోడు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. కేకలేసే మనిషి కేక వెయ్యకపోయేసరికి ఫణిశ్రీకి ఎక్కువ భయమేసింది. "నాను అంత మంచిదాన్ని గాను ఫణీ. నువ్వు నా కొడుకు పెళ్ళానివి, ఈ ఇంట్లో ఉండు. వొండుకో, తిను, ఉజ్జోగానికెల్లు. ఎవరికీ సెప్పను. కానీ నన్ను అత్తయ్యా అని పిలవకు. నా ముందర ఆయన పేరెత్తకు."

అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలోంచి అన్నం పెట్టుకుంది, పప్పు వేసుకుంది, గోడకి ఆనుకుని కూచుని తినడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళ ఆకలీ ఒక్కసారిగా వచ్చినట్టు పెద్ద పెద్ద ముద్దలు తింది. కళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి ఆగలేదు.

ఎక్కిళ్ళొస్తే ఫణిశ్రీ గబగబా గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడ ఆ గ్లాసు వైపు చూడలేదు. ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని లేచి, బిందె దగ్గరికి వెళ్ళి, ఎడమ చేత్తో తనే ముంచుకుని తాగింది.